బోర్డు మీద నాలుగో మాట

ప్రతి ఏడాదీ డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకు పాశ్చాత్య నాగరికత పాఠం మొదలుపెట్టే రోజు నాకు కొంచెం బెరుకు. గ్రీకులు, రోమన్లు అనగానే వాళ్లకు ఎవరివో కిస్సాలు వింటున్నట్టుంటుంది. అందుకే ముందు మాటల అసలు అర్థం చెబుతాను.

బోర్డు మీద మూడు మాటలు రాస్తాను. సివిలైజేషన్, నాగరికత, తమద్దున్. మొదటిదాని వేరు లాటిన్‌లోని ‘సివిస్’, అంటే పౌరుడు. రెండోదానిలో నగరం ఉంది. మూడోదానిలో మదీనా ఉంది. అరబీలో మదీనా అంటేనే పట్నం. మూడు జబాన్లూ నలుగురు కలిసి బతికే పట్నం దగ్గరికే చేరాయి.

కొన్నేళ్ల కింద ఇదే పాఠం చెబుతుంటే వెనక బెంచీలోంచి మన పిల్లాడొకడు లేచాడు. “సార్, యూరప్ వాళ్ల దగ్గరున్న ఇల్మ్ అంతా మన దగ్గర తీసుకున్నదేనట కదా? మా మామూ చెప్పారు.” క్లాసంతా నవ్వింది. నాకు చిరాకేసింది. “మామూ కబుర్లు ఇంట్లో పెట్టుకో. కూర్చో” అన్నాను. వాడు తలదించుకుని కూర్చున్నాడు.

ఆ రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర నాకు ముద్ద దిగలేదు. అమ్మీ అడిగితే జరిగింది చెప్పాను.

“పిల్లాడు గలత్ అన్నాడా బేటా?”

“సగం సహీ, సగం గలత్ అమ్మీ.”

“ఏ సగం ఏదో వాడికి చెప్పావా?”

చెప్పలేదు. “నాగరికత పాఠం చెబుతూ పిల్లాణ్ణి బేఇజ్జత్ చేసొచ్చావన్నమాట” అని, ఇంకేమీ అనకుండా పప్పు వడ్డించింది.

మర్నాడు క్లాసులో ముందు వాడికి మాఫీ చెప్పాను. నలుగురిలో అన్న మాటకు మాఫీ కూడా నలుగురిలోనే చెప్పాలి. తర్వాత వాడి సవాల్‌కు జవాబు చెప్పాను.

మామూ మాటలో నిజం ఉంది. ఇబ్న్ సీనా వైద్య గ్రంథం ‘అల్ ఖానూన్’ 12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని టొలెడోలో లాటిన్‌లోకి తర్జుమా అయింది. యూరప్ యూనివర్సిటీల్లో శతాబ్దాల పాటు వైద్య విద్యార్థులు దాన్ని చదివారు. కంప్యూటర్ పిల్లలు రోజూ వాడే ‘అల్గారిదమ్’ అనే మాట అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచి వచ్చింది.

కానీ కథ అక్కడే మొదలు కాలేదు. కుర్తుబా ఖాజీ ఇబ్న్ రుష్ద్ ఏళ్ల తరబడి షరహ్‌లు రాసింది గ్రీకువాడైన అరస్తూ కితాబుల మీద. బగ్దాద్‌లో గ్రీకు వైద్య గ్రంథాలను అరబీలోకి తెచ్చిన హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్ క్రైస్తవుడు. అల్ ఖ్వారిజ్మీ వివరించిన అంకెలు మన హిందుస్తాన్ నుంచి వెళ్లినవి. చేదు నిజం కూడా దాచలేదు. 1195లో ఇబ్న్ రుష్ద్‌ను ఊరి నుంచి వెళ్లగొట్టి, ఆయన ఫిలాసఫీ కితాబులు తగలబెట్టించింది పరాయి రాజు కాదు, ముస్లిం ఖలీఫాయే. ఆయన రచనల్లో కొన్ని ఇవాళ హీబ్రూ, లాటిన్ తర్జుమాల్లోనే దొరుకుతాయి.

ఆ పిల్లాడు మళ్లీ లేచాడు. “అయితే సార్, మనం ఫఖర్ చేసుకోవడానికి ఏం మిగిలింది?”

ఈసారి నాకు చిరాకు రాలేదు. “ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్లు దాచుకోలేదు, అది మిగిలింది” అన్నాను. అరస్తూను ‘ముఅల్లిమె అవ్వల్’, అంటే మొదటి ఉస్తాద్ అని పిలిచారు. మన దగ్గర్నుంచి వెళ్లిన అంకెలను హిందీ అంకెలనే అన్నారు. తీసుకున్నందుకు షర్మిందా కాలేదు, ఇచ్చినవాళ్ల పేరు చెరిపేయలేదు.

ఆ రోజు బోర్డు మీద నాలుగో మాట రాశాను: తెహజీబ్. అరబీలో దాని పాత అర్థం, చెట్టుకు అడ్డదిడ్డంగా పెరిగిన కొమ్మలు కత్తిరించి సరిచేయడం. ముందు రోజు నా నోట్లోంచి అలాంటి కొమ్మే ఒకటి బయటికొచ్చింది. దాన్ని అమ్మీ కత్తిరించింది.

అప్పటి నుంచి నా పాఠం నాలుగు మాటలతో మొదలవుతోంది. పిల్లలెవరైనా “మా మామూ చెప్పారు” అంటూ లేస్తే, ముందు పూర్తిగా వింటున్నాను.