తాతయ్య కెమెరాకు చెవి మిషన్ బ్యాటరీ!

మెదక్ చర్చి ముందు నిలబడి ఒక్క ఫొటో అయినా దిగని కుటుంబం ఆ ఊళ్లో ఉంటుందా? ఇప్పుడంటే చేతిలో ఫోన్లున్నాయి. ఒకప్పుడు పండగకో పెళ్లికో మాత్రమే బీరువాలోంచి కెమెరా బయటికొచ్చేది. రీలుకు 36 ఫొటోలు. ఆచితూచి నొక్కాల్సిందే!

ఆ తరం కెమెరాల్లో జపాన్ రేంజ్‌ఫైండర్లది ప్రత్యేక స్థానం. 1972లో కెనాన్ తెచ్చిన 'కెనానెట్ క్యూఎల్17 జీ3' వాటిలో ఒకటి. దీని కిటికీలోంచి చూస్తే నడిమధ్యన మనిషి రెండుగా కనిపిస్తాడు. లెన్సు రింగు తిప్పుతుంటే రెండు బొమ్మలూ దగ్గరికొచ్చి ఒకదానిపై ఒకటి కూర్చుంటాయి. అంతే... ఫోకస్ కుదిరినట్టే.

లెన్సు అంచున మరో చిన్న కన్ను ఉంటుంది. అదే వెలుతురును కొలిచే లైట్‌మీటరు. షట్టర్ వేగం మనం పెడితే, లెన్సు ఎంత తెరుచుకోవాలో అది చూసుకుంటుంది. పాపం, దానికి వెలుగే తెలుసు, మనుషులు తెలియదు. 1924 డిసెంబరు 25న ప్రారంభమైన మెదక్ చర్చి గోపురం 175 అడుగుల ఎత్తు. అదంతా ఫొటోలో పట్టాలని కెమెరా పైకెత్తితే, మీటరు మెరిసే ఆకాశాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. కింద నిలబడ్డ అమ్మమ్మ ముఖం నల్లబడిపోతుంది! అందుకే తెలిసినవాళ్లు ముందు కెమెరాను కిందికి వంచి, బటన్ సగం నొక్కి పట్టుకుంటారు. మీటరు ఆ కొలతనే గుర్తుపెట్టుకుంటుంది. అప్పుడు పైకెత్తి పూర్తిగా నొక్కుతారు.

మరి ఇలాంటి కెమెరాలు మూలనపడ్డాయెందుకు? రీళ్లు తగ్గిపోవడం ఒక కారణమైతే, బ్యాటరీ మరొకటి. వీటికి వాడిన 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీలు విషపూరితమని ఆపేశారు. అదే సైజు ఆల్కలైన్ బ్యాటరీ 1.5 వోల్టులు. ఆ కాస్త తేడాకే మీటరు లెక్క తప్పుతుంది. దీనికో చిట్కా ఉంది. వినికిడి యంత్రాల్లో వేసే 675 నంబరు జింక్-ఎయిర్ బ్యాటరీ దాదాపు 1.4 వోల్టులు. సైజు చిన్నది కాబట్టి చుట్టూ ఓ రింగు పెడితే సరి. తాతయ్య చెవి మిషన్ బ్యాటరీతో తాతయ్య కెమెరా కళ్లు తెరుస్తుందన్నమాట!

అసలు బ్యాటరీ లేకపోయినా దిగుల్లేదు. షట్టర్ నడిచేది స్ప్రింగులతోనే. 100 స్పీడు రీలుకు మిట్టమధ్యాహ్నపు ఎండలో లెన్సు 16 మీద, షట్టర్ 125 మీద పెడితే ఫొటో వచ్చేస్తుంది.

కాబట్టి పాత సామాన్లవాడికి ఇచ్చేముందు ఒక్క క్షణం ఆగండి. వెనక తలుపు మాత్రం తెరవకండి. రీలు చుట్టే పిడిని బాణం గుర్తువైపు మెల్లగా తిప్పి చూడండి. బిగువుగా తగిలితే లోపల రీలున్నట్టే. తలుపు తెరిస్తే వెలుగుపడి అంతా పోతుంది. అడుగున ఉన్న బటన్ నొక్కి రీలు పూర్తిగా చుట్టాకే బయటికి తీయాలి. ఎవరికి తెలుసు... ఇంట్లో ఎవరూ చూడని నాన్న చిన్ననాటి నవ్వు ఆ చీకట్లోనే ఉందేమో!