తండా దారికి తగిన ఫోర్కులు

మా సుగాలీల తాతముత్తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగినవాళ్లు. ఆ బిడారును మేము లదేణి అంటాం. రైళ్లు, రోడ్లు వచ్చాక ఆ పని పోయింది. బయలుదేరే ముందు ఎద్దు గిట్టనూ మూపునూ తడిమి చూసేవాళ్లనీ, మూపు పుండైన ఎద్దు మీద బరువు వేసేవాళ్లు కాదనీ మా నాయన చెప్పేవాడు. ఇప్పుడు మన బరువు మోసేది మోటారు సైకిలు. దాన్ని తడిమి చూసేవాళ్లు మాత్రం తక్కువ. అందుకే ముందు ఫోర్కుల గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

నాది ఉద్యోగం వచ్చిన కొత్తలో కొన్న హీరో హోండా స్ప్లెండర్. కాపురం రాయచోటిలో, బడి తండాలో. దారి సగం తారు, సగం గరుసు. కొన్నాళ్లుగా గుంటలో పడితే చాలు, ముందు నుంచి ధబ్బుమని శబ్దం. బ్రేకు తొక్కకుండా చేత్తో పడితే హ్యాండిలు నేలలోకి దిగిపోతున్నట్టు వంగేది. ఫోర్కు పైపు చుట్టూ నూనె కారి, దాని మీద ఎర్రదుమ్ము ముద్దకట్టింది. కడపకు పోవాలంటే గువ్వలచెరువు ఘాట్ దిగాలి. ముందు లారీ, వెనక లారీ, నా వెనక సీట్లో కూతురు. ఆ వంపుల్లో ముందు చక్రం మీద నమ్మకం లేకపోతే ఎట్లా?

ఒక షోరూంలో చూపిస్తే, ఫోర్కుల జత మొత్తం మార్చాలన్నారు. ఇంత పాత బండికి ఆ ఖర్చెందుకు, ఫైనాన్సులో కొత్తది తీసుకోండన్నారు. నేను మా తండా పిల్లోడి షెడ్డుకు పోయాను. ఐదో తరగతి దాకా నా దగ్గరే చదివాడు. పదిలో లెక్కలు తప్పి బడి మానేశాడు. "మొత్తం మార్చే పని ల్యా సార్. ముందు ఇప్పి జూద్దాం" అన్నాడు.

ఇంజను కింద దిమ్మె పెట్టి ముందు చక్రం లేపాడు. పైన బిరడా విప్పేటప్పుడు నన్ను పక్కకు జరగమన్నాడు. లోపల స్ప్రింగు అదిమి ఉంటుంది, బిరడా ఎగిరి మొహానికి తగులుతుంది. పాత నూనె వంచితే బూడిద రంగు నీళ్లలా కారింది. పైపును గాజు పలక మీద దొర్లించాడు. వంకర ఉంటే కింద సందు కనపడుతుంది. మా పైపు నిక్కంగానే ఉంది. తుప్పు చుక్కలు రెండుమూడు ఉంటే సన్న ఎమెరీ కాగితంతో నునుపు చేశాడు. గోటికి తగిలేంత లోతు గుంటలుంటే ఆ పైపు పనికిరాదు, కొత్త సీలును కూడా కోసేస్తుంది. కొత్త సీలు ఎక్కించేటప్పుడు పైపు అంచుకు నూనె రాసిన ప్లాస్టిక్ కవరు తొడిగాడు, సీలు పెదవి చీలకుండా.

నాకు బాగా నచ్చింది నూనె పోసిన తీరు. కంపెనీ చెప్పిన కొలత చూసి, సిరంజితో రెండు వైపులా సమానంగా పోశాడు. లెక్కల్లో తప్పిన పిల్లోడు ఒక్క మిల్లీలీటరు తేడా రానివ్వలేదు.

స్ప్రింగు దెబ్బను తీసుకుంటుంది. కానీ ఒట్టి స్ప్రింగైతే బండి ఊగుతూనే ఉంటుంది. సన్న రంధ్రాల గుండా నూనె దూరిపోతూ ఆ ఊపును వేడిగా మార్చి అణుస్తుంది. ఇట్లా నూనెతో ఊపు అణిచే టెలిస్కోపిక్ ఫోర్కును 1935లో జర్మనీలోని బీఎండబ్ల్యూ కంపెనీ తన ఆర్12 బండికి పెట్టి అమ్మకానికి తెచ్చింది. ఇప్పుడు మన తండా బండ్లలోనూ అదే పద్ధతి.

కొంచెం మెరుగు కూడా చేయించాను. పది గ్రేడు నూనెకు బదులు పదిహేను గ్రేడు పోస్తే బ్రేకు వేసినప్పుడు ముందు భాగం నిదానంగా వంగుతుంది. ఇంకా చిక్కనిది పోస్తే చిన్నరాళ్ల మీద చక్రం ఎగురుతుంది, చేతులు గుంజుతాయి. స్ప్రింగు మీద చిన్న పైపు ముక్క పెడితే బండి ముందు భాగం కాస్త లేస్తుందే గానీ స్ప్రింగు గట్టిపడదు. మన దుమ్ముకు అన్నిటికంటే మేలు చేసేవి పైపు మీద తొడిగే రబ్బరు బూట్లు. వానాకాలంలో వాటిని ఎత్తి లోపలి నీళ్లు తుడవాలి, లేకుంటే అక్కడే తుప్పు పడుతుంది.

కుర్రాళ్లు కొందరు పెద్దబండి ఫోర్కులు తెచ్చి చిన్నబండికి బిగిస్తున్నారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ చక్రం వాలు మారుతుంది, కోన్ సెట్టు సరిగా కూర్చోదు. పైగా రిజిస్ట్రేషన్‌లో ఉన్న అసలు వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. ఇక డిస్కు బ్రేకు బండైతే, సీలు కారిన నూనె ప్యాడ్ల మీద పడితే బ్రేకే పట్టదు. ఆ తడి కనపడిన రోజే షెడ్డుకు పోండి.

ఆ పిల్లోడి అమ్మ వాణ్ణి కువైట్ పంపాలనుకుంటోంది. రాయచోటి చుట్టుపక్కల అది కొత్త కాదు. పోతే డ్రైవరుగానే పోవాలా? ఐటీఐలో మెకానిక్ ట్రేడుకు ఒక సర్టిఫికెట్ ఉంటే ఇక్కడైనా, అక్కడైనా వాడి చేతి పనికి తగిన కూలి అడగొచ్చు. పది మళ్లీ కట్టమన్నాను. "లెక్కలు నాకు రావు సార్" అన్నాడు. సిరంజి చూపించి "మరి ఇదేంది?" అన్నాను. నవ్వి, ఫీజు ఎంతని అడిగాడు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. కొలతలు, ఒత్తిడి, ఘర్షణ పాఠాలు చెప్పే రోజు పిల్లల్ని ఒక షెడ్డుకు తీసుకుపోండి. అక్కడ పనిచేసే మన పిల్లోడినే వివరించమని అడగండి. వాడు మన మాటలోనే చెబుతాడు, పిల్లలకు ఇట్టే అందుతుంది. బడి మానేసిన వాడికి కూడా మళ్లీ పుస్తకం తెరవాలనిపించవచ్చు.