అనంతపురం వంటింట్లో అక్రోట్లు

మా అనంతపురంలో వేరుశెనగ లేకుండా పూట గడవదు. సంగటిలోకి ఊరిబిండి, దోసెలోకి చట్నీ, గుత్తివంకాయలోకి కారం, చిత్రాన్నంలో పలుకులు, సాయంత్రం పిల్లలకి బెల్లం చిక్కీ. వీటన్నిటికీ వాడే నూనె కూడా అదే. వాన పడితే పంట, పడకపోతే అప్పు; ఎట్లయినా ఇంట్లో ఒక సంచి మాత్రం ఉండాల్సిందే. అట్లాంటి ఇంటికి వేసవి సెలవులకి వచ్చే నా మనవరాలికి శెనక్కాయ పడదు.

పడదు అంటే ఏదో కడుపునొప్పి అనుకునేరు. రెండేళ్లప్పుడు ఒక్క చెంచా చట్నీ నాకితే పెదాలు వాచి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక ఆస్పత్రికి పరుగెత్తారు. అప్పట్నుంచీ వాళ్లమ్మ సంచిలో అడ్రినలిన్ ఇంజక్షన్లు రెండు ఎప్పుడూ ఉంటాయి. ఇప్పుడు పిల్లకి ఎనిమిదేళ్లు. కంచం ముందు పెట్టగానే చేతులు వెనక్కి పెట్టుకుని "ఇందులో శెనక్కాయలు ఉన్నాయా అవ్వా?" అంటుంది. అవ్వ చేతి వంటకి పిల్ల భయపడుతుంటే కడుపులో ఎట్లుంటుందో తిన్నవాళ్లకి కాదు, వండినవాళ్లకే తెలుస్తుంది.

శెనక్కాయ స్థానంలోకి ఏం తేవాలా అని చూస్తే మా అమ్మాయే అక్రోట్లు వాడమంది. వాళ్లుండేది కాలిఫోర్నియాలో. అమెరికాలో పండే అక్రోట్లలో దాదాపు 99 శాతం ఆ ఒక్క రాష్ట్రానివే. ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. వేరుశెనగ మన కందులు, పెసల జాతి. అక్రోటు చెట్టుకి కాసేది. జాతులు వేరే అయినా, శెనక్కాయ పడని పిల్లల్లో కొందరికి అక్రోట్లు, జీడిపప్పు కూడా పడవు. మా పిల్లకి ముందు చర్మం మీద పరీక్ష చేసి, తర్వాత డాక్టరు తన కళ్లముందే కొంచెం కొంచెంగా తినిపించి, గంటలకొద్దీ కూర్చోబెట్టి, అప్పుడు సరేనన్నారు. "ఒక్క పలుకు పెట్టి చూద్దాంలే" అని ఇంట్లో ఎవరూ ప్రయత్నించొద్దు.

పిల్ల వచ్చే ముందు వారం వంటిల్లంతా ఖాళీ చేస్తాను. శెనక్కాయల సంచి మా మరిది ఇంటికి పోతుంది. గానుగ నూనెలో శెనక్కాయ ప్రొటీను మిగిలే ఉంటుంది కాబట్టి ఆ రెండు నెలలూ పొద్దుతిరుగుడు నూనే. మిక్సీకి కొత్త జార్లు కొన్నాం. నలభై ఏళ్లుగా శెనక్కాయలు నూరిన రోలుని ఎంత కడిగినా నమ్మకం లేక గోనె కప్పేశాను. అక్రోట్లలో కూడా విడిపప్పు కొనను. అంగట్లో అన్నిటికీ ఒకటే గరిటె, ఒకటే తక్కెడ. పెంకుతో ఉన్నవి తెచ్చి ఇంట్లోనే పగలగొడతాం. మన దేశంలో పండేవాటిలో ఎక్కువ భాగం కశ్మీరువే. పెంకు పోగా పప్పు సగానికి అటూఇటూగా తేలుతుంది. ఖర్చే, కాదనను.

పగలగొట్టిన మొదటి కాయ నేను నమిలి చూస్తాను. అక్రోటు పప్పులో మూడింట రెండొంతులు దాకా నూనే. అందులో ఒమేగా-3 రకం కొవ్వు ఎక్కువ. డాక్టర్లు మెచ్చుకునేదీ దాన్నే, పప్పు తొందరగా పాడయ్యేదీ దానివల్లే. పాత పెయింటు డబ్బా మూత తీసినట్టు వాసన వస్తే పారేయడమే. అక్రోట్లు చేదు బాబోయ్ అనేవాళ్లలో చాలామంది ఇట్లా చెడిపోయినవి తిన్నవాళ్లేనని నా అనుమానం. మంచి కాయకీ పైపొరలో కాస్త వగరుంటుంది గానీ అది వేరు. మరిగే నీళ్లలో ఒక్క నిమిషం ఉంచి వార్చి, గుడ్డమీద ఆరబెట్టి, సన్నసెగన ఎనిమిది పది నిమిషాలు వేయిస్తే చాలావరకు పోతుంది. శెనక్కాయల్లాగా చిటపటలాడేదాకా ఆగొద్దు, మాడిపోతాయి. కమ్మటి వాసన రాగానే దించేయాలి. మిగిలినవి గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రీజర్లో వేస్తాను.

మొదట చేసింది ఊరిబిండి. అక్రోట్లు మిక్సీలో రెండు తిప్పులు ఎక్కువైతే నూనె వదిలి జిడ్డు ముద్దవుతాయి. అందుకే సగానికి సగం దోరగా వేయించిన శనగపప్పు ముందు బరకగా పట్టి, కాల్చిన టమాటాలు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, చింతపండు వేసి, చివర్లో అక్రోట్లు వేసి ఆపి ఆపి తిప్పాను. మా ఆయన సంగటి ముద్ద అద్దుకుని తిని, "బాగుంది. కానీ ఇది ఊరిబిండి కాదు, వేరే ఏదో" అన్నారు. నిజమే. ఆ పేరు తీసేసి అక్రోట్ల పచ్చడి అన్నాక అందరూ మళ్లీ వడ్డించుకున్నారు. శెనక్కాయలాగా ఉండమని దాన్ని అడగకూడదు.

చిత్రాన్నంలో అక్రోటు దండగ, మెత్తబడిపోతుంది. వంకాయతో మాత్రం దానికి భలే జత. నువ్వులు, ఎండుకొబ్బరి, అక్రోట్లు కలిపి నూరిన కారంతో గుత్తివంకాయ చేస్తే, అలవాటుపడిన మా నాలుకలకి కూడా లోటు తెలియలేదు. నువ్వులు కూడా కొందరికి పడవు; మా పిల్లకి వాటి పరీక్షా అయింది. రష్యా పక్కనున్న జార్జియా దేశంలో అక్రోట్లు, వెల్లుల్లి నూరిన ముద్దని వేయించిన వంకాయ ముక్కల్లో చుట్టి తింటారట. కశ్మీరులో అక్రోట్లని పెరుగుతో కలిపి చట్నీ చేస్తారు. వేసవిలో అన్నంలోకి అది మా పిల్లకి మరీ ఇష్టం.

కేకు పని మాత్రం పూర్తిగా దానిదే. బాగా మగ్గిన అరటిపళ్లు మూడు మెదిపి, ముప్పావు కప్పు బెల్లం తురుము, పావు కప్పు పెరుగు, అంతకి కాస్త ఎక్కువ నూనె వేసి కలుపుతుంది. ఒకటిన్నర కప్పు గోధుమపిండి, ముప్పావు చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు జల్లించి అందులో వేస్తుంది. లోపల కలిపే అక్రోట్లు వేయించినవే ఉండాలి, తడిపిండిలో అవి వాటంతట అవి వేగవు. పైన చల్లేవి పచ్చివే చాలు, ఓవెన్ వేడికి అక్కడే వేగుతాయి. 180 డిగ్రీల్లో 45 నుంచి 50 నిమిషాలు. పుల్ల గుచ్చితే తడి అంటకూడదు.

చల్లారాక కోస్తే ముక్క విరగదు గానీ, అంతసేపు మా ఇంట్లో ఆగేవాళ్లెవరూ లేరు. పక్కింటి పిల్లలకి పంపాలంటే మాత్రం ఇది ఆగుతుంది. పళ్లెం పట్టుకుని గడప దగ్గరే నిలబడి, "ఆంటీ, మీ పిల్లలకి అక్రోట్లు పడతాయా?" అని అడిగాకే లోపలికి పోతుంది.