ప్రదక్షిణలు ఎవరు చేయాలి?

మాకు 2010లో వివాహమైంది. ఆరేండ్లు గడిచినా సంతానం కలుగలేదు. లోపం ఎవరిదని మా ఇంట్లో ఎవ్వరూ అడగలేదు. అడగకుండానే మా ఆవిడదని తీర్మానమైపోయింది.

మా బెంగుళూరులో పాతపేటల్లో అశ్వత్థకట్టలకు కొదవ లేదు. రావిచెట్టు, దాని క్రింద నాగశిలలు. ప్రతి శనివారం ఆమె 108 ప్రదక్షిణలు చేసేది. మేము కట్టమీద కూర్చుని వేయించిన శనగలు నములుతూ లెక్క పెట్టేవాళ్ళం. గుమాస్తాలం కదా, లెక్క మాత్రం ఏనాడూ తప్పలేదు.

2016లో ఆమెను ఒక లేడీ డాక్టరుగారి వద్దకు తీసుకొని వెళ్ళాము. డాక్టరుగారు ముందుగా మమ్మల్నే తూకం ఎక్కమన్నారు. 93 కిలోలు! ఎత్తు 1.68 మీటర్లు. బరువును ఎత్తు వర్గంతో భాగిస్తే 33 వచ్చింది. మన దేశంవారికి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయమేనట. మా ఆవిడకు 29.

కొవ్వు ఊరకే పడివుండే మూట కాదని డాక్టరుగారు విడమర్చి చెప్పారు. అది పురుష హార్మోనును స్త్రీ హార్మోనుగా మార్చుతుంది. అందుచేత లావుపాటి మగవానిలో వీర్యకణాల సంఖ్య, చురుకుదనం తగ్గవచ్చు. స్త్రీలో ఇన్సులిన్ హెచ్చి, అండం నెలనెలా విడుదల కాకపోవచ్చు. అలా ఋతుక్రమం తప్పినవారిలో చాలామందికి, బరువులో నూటికి 5 నుంచి 10 పాళ్ళు తగ్గినా సర్దుకుంటుంది. వీర్యకణం తయారు కావటానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది గనుక, మగవాడు ఈవేళ నడక మొదలుపెడితే ఫలితం మూడు నెలలకు గాని తెలియదు.

మా పరీక్షలో కణాలు తక్కువని తేలింది. ఆ కాగితం చూచి మా అమ్మగారు మాట్లాడలేదు. ఆరేండ్లు మా ఆవిడ పడిన మాటల్లో సగం మావి అన్నమాట.

మరునాటి నుంచి ఇద్దరం నడిచాము. ఆఫీసు క్యాంటీనులో సాయంకాలపు వడలు మానుకున్నాము. ఏడాదికి 84 కిలోలకు దిగాము. 2018లో అమ్మాయి పుట్టింది.

బరువు తగ్గినవారందరికీ బిడ్డలు పుడతారని కాదు. కారణాలు ఇంకా అనేకం. ఏడాది చూచి, స్త్రీకి 35 దాటితే 6 నెలలే చూచి, ఇద్దరూ కలిసి పరీక్షకు వెళ్ళాలి.

అమ్మాయిని చూచి బంధువులు చెట్టు మహిమ అంటారు. మేము కాదనము. కాని ఆరేండ్లు ఆమెను ఒంటరిగా తిప్పింది చెట్టు కాదు, మేమే.