నాదము వెలుఁగైన విధము

దేవుని వాక్కువలన వెలుఁగు కలిగెనని ఆదికాండము మొదటి యధ్యాయమునఁ జదువుకొనుచున్నాము. అది సృష్టికర్త మహిమ. మానవుఁడు చేయఁగలిగినది మిగుల స్వల్పము. అయినను పాట వినఁబడఁగానే రంగస్థలముపై దీపము దానంతట వెలుఁగుటఁ జూచిన బాలురకు ఆశ్చర్యము కలుగుట సహజము. మన పాఠశాల క్రిస్మసు నాటకమునకై ఈ యేర్పాటు చేసినపుడు విద్యార్థులు నన్నడిగిన ప్రశ్నలకుఁ బ్రత్యుత్తరముగా ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

ధ్వని యనఁగా గాలియందలి కంపనము. మైకు దానిని విద్యుత్కంపనముగా మార్చును. కంప్యూటరు సాధారణముగా ఆ విద్యుత్తును సెకండునకు 44,100 మారులు కొలిచి అంకెలుగా వ్రాసికొనును. ఈ యంకెలలో డోలు మ్రోఁతయు, బాలికల కంఠస్వరమును కలిసియే యుండును. వానిని వేఱుపఱచు గణితమునకు మూలపురుషుఁడు ఫ్రాన్సు దేశీయుఁడగు ఫూరియే. 1822వ సంవత్సరమున ఆయన ప్రకటించిన గ్రంథము ఉష్ణమును గూర్చినదే కాని ధ్వనిని గూర్చినది కాదు. ఆ లెక్కను శీఘ్రముగాఁ జేయు పద్ధతిని కూలీ, టూకీ యను నిరువురు 1965లోఁ బ్రకటించిరి. లెక్కలెందులకని విసుగుకొను విద్యార్థులు దీనిని గమనింతురు గాక.

దీపములకు ఆజ్ఞలను గొనిపోవు భాషకు డీఎంఎక్స్ 512 అని పేరు. ఇది 1986లో అమెరికాలో నాటకశాలల కొఱకు ఏర్పడినది. ఒక్క తీఁగపై 512 మార్గములు. ఒక్కొక్క మార్గమున 0 మొదలు 255 వఱకు నొక యంకె. 0 అనిన దీపమాఱును. 255 అనిన నిండుగా వెలుఁగును. కంప్యూటరునకును దీపములకును నడుమ చిన్న యూఎస్‌బీ పెట్టె యొకటి యుండవలెను. వరుసలో చివరి దీపమునకు 120 ఓముల నిరోధకమును బిగింపవలెను. లేనిచో ఆజ్ఞలు తీఁగ కొనను దాఁకి వెనుకకు మరలుటచే దీపములు రెపరెపలాడవచ్చును.

మేము ఉచితముగా లభించు క్యూఎల్‌సీ ప్లస్ అను సాఫ్టువేరును వాడితిమి. అది ధ్వనిని మంద్రము మొదలు తారము వఱకుఁ బట్టెలుగా విభజించి చూపును. ఒక్కొక్క పట్టెకు నొక్కొక్క దీపము నప్పగింపవచ్చును. ప్రతి పట్టెకు రెండు హద్దులు: పై హద్దును దాఁటినచో దీపము వెలుఁగును, క్రింది హద్దునకు దిగినచో ఆఱును. రెండును మిక్కిలి దగ్గఱగా నున్నచో దీపము మిణుకుమిణుకు మనుచుండును. సభలోని చప్పట్లు కలియకుండుటకై ధ్వనిని మిక్సరునుండి నేరుగా కంప్యూటరునకుఁ దెచ్చుట మేలు. వడిగా మెఱయు దీపములు మూర్ఛవ్యాధి గల కొందఱకు హాని చేయును గాన, సెకండునకు మూఁడు మారులకంటె నెక్కువ మెఱయనీయరాదు.

అభ్యాసదినమున డోలు మ్రోఁగఁగానే యెఱ్ఱదీపములు చక్కఁగా వెలిఁగెను. గొఱ్ఱెలకాపరుల బృందగానమునకు నీలిదీపములు వెలిఁగెను. మరియ వేషము ధరించిన బాలిక యొంటరిగాఁ బాడు జోలపాటకు మాత్రము ఒక్క దీపమును వెలుఁగలేదు. ఆమెది మృదుకంఠము. హద్దును దగ్గించితిమి, అంతట వేదికమీఁది మైకులోఁ బడిన పంకా చప్పుడునకే దీపము వెలుఁగసాగెను. బిగ్గఱగాఁ బాడఁగల వేఱొక బాలికను నిలుపుఁడని కొందఱు పిల్లలనిరి. ఆ బాలిక యేమియు ననక తలవంచుకొని నిలిచెను.

నేను వారితో నిట్లంటిని: “బిడ్డలారా, యంత్రమునకుఁ దెలిసినది గట్టిదనమే. జోలపాట గట్టిగాఁ బాడఁదగినది కాదు. యంత్రము కొఱకు పాటను మార్చుట తగదు.” పిమ్మట ఆ యొక్క దీపమును ధ్వని యధీనమునుండి తప్పించి, మీట యొద్ద నొక విద్యార్థిని గూర్చుండఁబెట్టితిమి. నాటకము నాఁటి రాత్రి అతఁడు పాట వినుచు, చరణము వెంటఁ జరణముగా దీపమును మెల్లమెల్లఁగాఁ బెంచెను. తరువాత అతఁడా పాట యంతయు తనకుఁ గంఠస్థమైనదని చెప్పెను. తక్కిన దీపములఁ గనిపెట్టి యుండిన బాలురకు ఏ పాటయు గుర్తులేదు. యంత్రమే వినుచుండెను గాన వారు వినవలసిన పని లేకపోయెను.

పెనుగాలియందుఁ గాక మెల్లని స్వరమున దేవుఁడు ఏలీయాతో మాటలాడెనని మొదటి రాజుల గ్రంథము తెలుపుచున్నది. ప్రియ విద్యార్థులారా, యంత్రవిద్యను శ్రద్ధతో నేర్చుకొనుఁడు. దానిచేఁ బని చేయించుకొనుఁడు. కాని మీ తరగతిలో మెల్లఁగా మాటలాడు వారికిఁ జెవియొగ్గు పనిని మాత్రము దేనికిని అప్పగింపకుఁడు.