కిటికీలో ఎర్ర ముల్లు

5 జనవరి 2025, ఆదివారం, విశాఖపట్నం

మేనకోడలు సంక్రాంతికి వస్తోంది. ఇక కాలేజీకి సైకిల్ మీదే వెళ్తానంటోంది. కొనిపెట్టే పూచీ నాది. షాపులో రెండు సైకిళ్లు పక్కపక్కన పెట్టించి చూశాను. రెండూ 21 గేర్లవే, ధరలో పెద్ద తేడా లేదు. ఒకదానికి గేరు మార్చే లివరు పక్కన గోరంత కిటికీ, అందులో అంకెలు, ఎర్ర ముల్లు. రెండోదానికి అవి లేవు. "ముల్లు పిల్లలకండీ. బాగా తొక్కేవాళ్లకి కాలే చెప్పేస్తుంది" అన్నాడు షాపు కుర్రాడు. నాకది మింగుడుపడలేదు. నా సైకిల్‌కి ఆ కిటికీ ఉంది, ఆరేళ్లుగా దాన్ని చూస్తూనే తొక్కుతున్నాను. ఏమీ కొనకుండా వచ్చేశాను.

9 జనవరి, గురువారం

తెల్లారకముందే ఆర్కే బీచ్ నుంచి బయల్దేరాను. రుషికొండ దగ్గర ఎగువలో పెడల్ బిగిసింది. ఏ గేరులో ఉన్నానా అని తల వంచాను. మసక చీకటి, పైగా ఉప్పుగాలికి కిటికీ లోపల తేమ పట్టింది. కళ్లు చిట్లించి చూసేలోగా ముందు చక్రం గుంతలోకి దిగింది. కిందపడలేదు గానీ గుండె గుభేలుమంది. ముల్లు చూడాల్సిన చోటు అది కాదు. ఆ కుర్రాడి మాటలో కొంత నిజం ఉంది.

వెనక చైను కరకరమంటుంటే సాయంత్రం మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. పెద్దాయన సైకిల్ తలకిందులు చేసి పెడల్ తిప్పాడు. "చూడండి బాబూ, ముల్లేమో నాలుగు అంటంది. చైనేమో నాలుక్కీ ఐదుకీ మధ్యన కొట్టుకుంటంది. ముల్లుకి తెల్సింది లివరే, చైను కాదు." తీగ సాగిందట. అది లివరులోకి దూరే చోట ఉన్న మరని పావు చుట్టు తిప్పాడు. కరకర ఆగిపోయింది. ముల్లు నాలుగు మీదే ఉంది, ఇప్పుడు చైను కూడా నాలుగులోకి వచ్చింది.

11 జనవరి, శనివారం

సెలవు. సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటూ పళ్లన్నీ లెక్కపెట్టాను. ముందు మూడు చక్రాలకి 24, 34, 42. వెనక ఏడింటిలో పెద్దదానికి 28, చిన్నదానికి 14. ముందు పళ్లని వెనక పళ్లతో భాగిస్తే పెడల్ ఒక్క చుట్టుకి వెనక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో తెలుస్తుంది. అన్నిటికన్నా తేలికైన గేరులో ఒక చుట్టు కూడా పూర్తిగా తిరగదు, బరువైన దానిలో సరిగ్గా మూడు.

కిటికీ అంకెల ప్రకారం ముందు 1, వెనక 7 పెడితే 1.71. ముందు 2, వెనక 4 పెడితే 1.70. ముందు 3, వెనక 2 పెడితే 1.75. మూడుచోట్లా కాలికి తగిలే బరువు దాదాపు ఒక్కటే! కళ్లు మూసుకుని తొక్కితే ఏది ఏదో నా కాలు చెప్పలేదు. కానీ మొదటిదానిలో చైను ఏటవాలుగా సాగి పళ్లని ఒరుసుకుంటుంది, చైనూ పళ్లూ తొందరగా అరుగుతాయి. రెండోదానిలో తిన్నగా నడుస్తుంది. ఈ తేడా కాలికి అందేది కాదు. కిందికి వంగి చైను చూడాలి, లేదా కిటికీలో అంకె చూడాలి.

15 జనవరి, బుధవారం, కనుమ

గారెలు తిన్నాక మేనకోడల్ని నా సైకిల్ ఎక్కించాను. గేర్ల సైకిల్ తొక్కడం దానికిదే మొదటిసారి. రెండు వీధులు తిరిగొచ్చి, "మామయ్యా, కుడి బొటనవేలితో నొక్కితే తేలికవుతోంది, ఎడమ బొటనవేలితో నొక్కితే బరువవుతోంది. ఇదేంటి?" అంది.

మంచి ప్రశ్న. బొటనవేలి లివరు ఎటువైపైనా తీగని లాగుతుంది, చైను పెద్ద చక్రం మీదికి ఎక్కుతుంది. వెనక పెద్ద చక్రమంటే తేలిక, ముందు పెద్ద చక్రమంటే బరువు. అందుకే రెండు చేతులకీ పొంతన కుదరదు. అంకెలకి మాత్రం కుదురుతుంది: ఎటు చూసినా 1 తేలిక, పెద్ద అంకె బరువు. "వేళ్ల సంగతి వదిలెయ్, అంకె చూసుకో" అన్నాను. పావుగంటలో దారికొచ్చింది. ఎడమవైపు 2లో ఉంచి, కుడిచేత్తో ఒక్కో అంకె మారుస్తూ ఊళ్లోని చిన్న ఎత్తులన్నీ ఎక్కేసింది.

19 జనవరి, ఆదివారం

ఈ అంకెల కథ ఇదీ: 1984లో గేర్లు చేసే షిమానో కంపెనీ తన డ్యూరా ఏస్ గేర్లకి 'టిక్కు'మని ఆగే లివరు తెచ్చింది. అంతకుముందు ఎక్కువ సైకిళ్లకి లివరు ఎక్కడైనా ఆగేది, చైను సరిగ్గా కూర్చుందో లేదో చెవే చెప్పాలి. గేరుకో టిక్కు వచ్చాకే అంకెకి అర్థం వచ్చింది. ఇప్పుడు రేసు సైకిళ్ల లివర్లకి కిటికీలు ఉండవు, నిజమే. కానీ బ్యాటరీతో గేర్లు మారే ఖరీదైన వాటిలో ఏ గేరులో ఉన్నదీ హ్యాండిల్ మీది చిన్న తెర మీద కనపడేలా పెట్టుకుంటున్నారు. బాగా తొక్కేవాళ్లకీ ఆ అంకె అక్కర్లేకుండా పోలేదు.

ఇవాళ రుషికొండ ఎగువకి రెండు కరెంటు స్తంభాల ముందే ఒక్కసారి ముల్లు చూసి, ముందు 2లోనే ఉంచి వెనక 3కి మార్చి, తల ఎత్తి తొక్కాను. పైకి చేరేదాకా మళ్లీ కిందికి చూడలేదు.

రేపు షాపుకి వెళ్లి కిటికీ ఉన్నదే కొంటాను. ఎత్తు మొదలవకముందే చూసుకొమ్మని మేనకోడలికి చెప్పాలి.