ఆరణాల దారి

లంబసింగి మంచు చూడ్డానికి జనం పరుగులు తీసే రోడ్డది. అక్కడే ఒకప్పుడు కూలి డబ్బుల దగ్గర నిప్పు రాజుకుంది. ఇప్పుడు ఆ దారి పొడవునా వినిపించే మాట వేరు... 'మనుషులు దొరకట్లేదు!'

డిసెంబరు వచ్చిందంటే నర్సీపట్నం తెల్లారకముందే నిద్రలేస్తుంది. టీ కొట్ల ముందు విశాఖ వైపు నుంచి వచ్చిన కార్లు బారులు తీరతాయి. అందరిదీ ఒకటే తొందర... ఎండెక్కేలోపు లంబసింగి చేరాలి. డౌనూరు దాటాక ఘాట్‌రోడ్డు. మలుపు మలుపుకీ చలి పెరుగుతుంది.

ఈ మలుపుల వెనక ఓ కథ ఉంది. 1922కి ముందు నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు పని చేయించింది గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్‌. రాళ్లు కొట్టింది, మట్టి మోసింది మన్యం గిరిజనులు. రోజుకి ఆరణాలు రావాల్సిన కూలి, చేతికొచ్చేసరికి అణాకో అర్ధణాకో పడిపోయేది. ఎదురు తిరిగితే కొరడా! పోడు మీద ఆంక్షలకు ఈ కడుపుమంట తోడైంది. బాస్టియన్‌ వేధింపులు పడ్డ గాం గంటం దొర, మల్లుదొర సోదరులు అల్లూరి సీతారామరాజుకు కుడిభుజాలయ్యారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్‌స్టేషన్‌ మీద దాడితో మన్యం భగ్గుమంది. రాజు సమాధి ఉన్న కృష్ణదేవిపేట నర్సీపట్నానికి దగ్గర్లోనే.

వందేళ్లు దాటాయి. ఇప్పుడు కొరడా లేదు, బతిమాలుకోవడమే. కింద వరికోతలు, చెరకు నరుకుడు... పైన కాఫీ పండ్ల కోత... అన్నీ చలికాలంలోనే. పర్యాటకుల హడావుడీ అప్పుడే. వరికైతే కోత యంత్రాలొచ్చాయి. కాఫీ పండు మాత్రం ఎర్రబడినవాటినే చేత్తో ఏరి కోయాలి. సొంత తోటల్లో ఇంటిల్లిపాదీ కోసుకుంటారు. పెద్ద తోటలకు కూలీలే దిక్కు.

కుర్రాళ్లేమో అచ్యుతాపురం, పరవాడ ఫ్యాక్టరీల బస్సెక్కుతున్నారు. అక్కడ నెల జీతం, ఇక్కడ పనున్న రోజే కూలి. 2025-26కి ఉపాధి హామీ కూలి రోజుకి 307 రూపాయలుగా నిర్ణయించారు. అంతకన్నా ఎక్కువిస్తేగానీ చెరకు తోటలోకి ఎవరు దిగుతారు? ఇస్తే, కౌలు కట్టాల్సిన రైతుకి మిగిలేదెంత?

రైతు కష్టం నిజం. కూలీ లెక్కా నిజమే. ఆనాడు వేరే దారి లేక అణాకి రాళ్లు కొట్టిన మనిషి మనవలు, ఈనాడు 'ఇంతిస్తేనే వస్తాం' అనగలుగుతున్నారు. కాదంటే కొండ దిగి వేరే పనికి పోతున్నారు... తాతలు వేసిన ఆ దారిలోనే!